మెదడుకు గాయమైన మాజీ సైనికుడితో వీఆర్ సాధన చేయించడం ఎలా

"ఇంట్లో వీఆర్ హెడ్‌సెట్ ఉంది. మావారు సైన్యంలో ఉన్నప్పుడు తలకు గాయమైంది. పెట్టి సాధన చేయించవచ్చా? ఏ గేమ్ మంచిది? ఎంతసేపు?" కాస్త అటూ ఇటుగా అందరూ అడిగేది ఇదే. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ నిజంలా కనిపించే కృత్రిమ దృశ్యం. ఏ గేమ్ అన్నది వీటన్నిటిలో ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ఎంతసేపు పెట్టారు, తీశాక ఆ రోజంతా ఎలా గడిచింది, మర్నాడు పొద్దున ఎలా లేచారు అన్నవే మేలో కీడో తేలుస్తాయి.

ఇక్కడ చెప్పేది గాయమై కొన్ని నెలలు గడిచి, ఆసరా లేకుండా కూర్చోగలుగుతూ, రెండు మూడు మాటల్లో చెప్పిన పని చేయగలుగుతూ, ఒంట్లో తేడా వస్తే చెప్పగలిగే వారి కోసం. కళ్లు తిరగడం, తూలడం, ఏకాగ్రత నిలవకపోవడం, ఒక చెయ్యి సరిగా ఆడకపోవడం ఈ సాధనకు లొంగే ఇబ్బందులు. మొదటి రెండు మూడు సార్లు ఫిజియోథెరపిస్టు గానీ, రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ ఎదురుగా ఉండగా చేసి, ఆ తర్వాతే ఇంట్లో మొదలుపెట్టండి. "ఆయన" అని రాస్తున్నాం కానీ, గాయపడింది మహిళా సైనికురాలైనా పద్ధతి ఇదే.

ముందుగా రెండు అపోహలు తొలగించుకోవాలి. వాల్టర్ రీడ్ వంటి అమెరికా సైనిక ఆసుపత్రుల వీడియోల్లో కనిపించే పెద్ద యంత్రం పేరు కేరెన్. అందులో అటూ ఇటూ ఒరిగే వేదిక, దాని మీద ట్రెడ్‌మిల్, ఎదురుగా వంపు తిరిగిన తెర, పడిపోకుండా పైనుంచి కట్టే పట్టీలు ఉంటాయి. ఇంట్లో ఆ పట్టీలు ఉండవు, పైగా హెడ్‌సెట్ పెడితే కాళ్ల కింద నేల కూడా కనిపించదు. అందుకే అక్కడ చేయించేవన్నీ ఇక్కడ చేయించలేం. ఇక దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైన బ్రేవ్‌మైండ్ ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధ దృశ్యాలు చూపిస్తుంది. అది పీటీఎస్‌డీకి (భయానక అనుభవాల తర్వాత మనసును వదలని వేదనకు), శిక్షణ పొందిన నిపుణులు పక్కన కూర్చుని చేసే చికిత్స. మెదడు గాయానికి చేసే సాధన వేరు. యుద్ధం గేములు పెడితే "అలవాటైపోతుంది" అనుకుని ఇంట్లో ప్రయత్నించవద్దు.

డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడని సందర్భాలు

గాయం తర్వాత ఒక్కసారైనా ఫిట్స్ వచ్చి ఉంటే న్యూరాలజిస్టు సరేననే దాకా హెడ్‌సెట్ ముట్టుకోకండి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుతురు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. గేముల్లో అలాంటి మెరుపులు ఎక్కడ వస్తాయో ముందుగా తెలియదు.

తలలో నీరు మళ్లించే షంట్ ఉంటే అది ఏ రకమో న్యూరోసర్జన్‌ను అడగండి. కొన్ని షంట్ల వాల్వ్‌ను బయటినుంచి అయస్కాంతంతో సరిచేస్తారు. దగ్గరకు మరో అయస్కాంతం వస్తే ఆ సెట్టింగ్ మారిపోవచ్చు. హెడ్‌సెట్ స్పీకర్లలో అయస్కాంతాలు ఉంటాయి. వాల్వ్ చాలామందికి చెవి వెనక చర్మం కిందే ఉంటుంది, పట్టీ వెళ్లేదీ అక్కడినుంచే. పేస్‌మేకర్, వినికిడి యంత్రం ఉన్నా ఇదే జాగ్రత్త.

పుర్రెలో ఎముక తీసిన చోటు ఇంకా మూయకపోతే పట్టీ బిగించకూడదు. మెడ నొప్పి ఉంటే ముందు దానికి వైద్యం చేయించండి. పేలుడులోనో వాహనం బోల్తా పడో తలకు దెబ్బ తగిలినవారిలో చాలామందికి మెడ కూడా దెబ్బతిని ఉంటుంది. మెటా కంపెనీ హెడ్‌సెట్లలో క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు, క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. ఆ అరకిలో ముఖం ముందు వేలాడుతుంది.

మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపే తగ్గిపోతోందా? అది చాలావరకు లోపలి చెవిలో స్ఫటికాలు చోటు తప్పడం వల్ల. థెరపిస్టు తలను కొన్ని కోణాల్లో తిప్పి వాటిని సరిచేస్తారు, తరచుగా ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. దానికి వీఆర్‌తో నెలల తరబడి కుస్తీ పట్టనక్కర్లేదు.

ఒకటి రెండుగా కనిపించడం, చూపులో ఒక పక్క కనిపించకపోవడం ఉంటే కంటి పరీక్ష ముందు.

కావలసినవి

- విడిగా పనిచేసే హెడ్‌సెట్. తల తిప్పడాన్నే కాక ముందుకు వెనక్కు వంగడాన్నీ పసిగట్టేది కావాలి. అట్టపెట్టెలో ఫోన్ పెట్టుకునే రకం వద్దు. మనిషి ముందుకు వంగినా అందులోని దృశ్యం కదలదు, వికారం తెప్పించడానికి ఆ ఒక్క తేడా చాలు.
- చక్రాలు లేని, గుండ్రంగా తిరగని, చేతులున్న గట్టి కుర్చీ.
- కనీసం 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ స్థలం.
- ఆయన చూస్తున్నది మీకూ కనిపించేలా ఫోన్ లేదా టీవీ.
- టైమర్. గట్టిగా మోగేది కాదు, మీ చేతిలో వైబ్రేట్ అయ్యేది.
- నోట్‌బుక్, పెన్ను.
- మంచినీళ్లు, తడిగుడ్డ, వాంతికి కవరు.
- హెడ్‌సెట్ లోపలి లెన్స్‌లు తుడిచే మెత్తని పొడిగుడ్డ. వాటికి శానిటైజర్ తగలనివ్వకండి.
- పూర్తిగా ఆయన మీదే కన్నుంచే మరో మనిషి. ఫోన్ చూసుకుంటూ పక్కన కూర్చునే మనిషి లెక్కలోకి రారు.

చేసే పద్ధతి

1. ముందు అంకెలు రాసుకోండి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, తల దిమ్ముగా ఉండటం, ఈ నాలుగింటికీ 0 నుంచి 10 లోపు ఒక్కో అంకె చెప్పమనండి. "ఎలా ఉంది?" అని అడగకండి. నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకోవడం సైన్యంలో ఏళ్ల తరబడి అలవాటైన పని. "బాగానే ఉంది" అన్న జవాబు అప్రయత్నంగా వచ్చేస్తుంది. అంకె అడిగితే ఒక్క క్షణం ఆగి చూసుకుని చెబుతారు. ఏ అంకె అయినా ఆయనకు మామూలుగా ఉండేదానికంటే 2 ఎక్కువుంటే ఆ రోజు సాధన లేదు. ముందు రాత్రి నిద్ర సరిగా లేకపోయినా లేదు.

2. గది సిద్ధం చేయండి. కుర్చీ వీపు గోడకు ఆనాలి, తలుపు ఆయనకు ఎదురుగా ఉండాలి. వెనకనుంచి ఎవరైనా వస్తారేమోనన్న అప్రమత్తత చాలామంది మాజీ సైనికుల్ని ఏళ్లు గడిచినా వదలదు, కళ్లు మూసేసే హెడ్‌సెట్ పెట్టగానే అది రెట్టింపవుతుంది. ఇంట్లో మిగతావారికి చెప్పి తలుపు వేయండి. గదిలో వెలుతురు మధ్యస్థంగా ఉండాలి. మరీ చీకటిగా ఉన్నా, ఎదురుగా పెద్ద అద్దం ఉన్నా, ఏ గుర్తూ లేని తెల్లగోడ ఉన్నా హెడ్‌సెట్ కెమెరాలకు దిక్కు తెలియక దృశ్యం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. బాగున్నవారికే కడుపులో తిప్పేస్తుంది. సాధన అయ్యాక లెన్స్‌ల మీద ఎండ పడేలా కిటికీ దగ్గర పెట్టకండి, లోపలి తెర మాడిపోతుంది.

3. హెడ్‌సెట్ ముఖానికి సర్దండి. ముందుగా రెండు కనుపాపల మధ్య దూరం కావాలి. కళ్లజోడు చీటీ మీద ఉండవచ్చు, లేకపోతే కళ్లజోళ్ల షాపులో కొలిచి ఇస్తారు. పెద్దవారిలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. క్వెస్ట్ 2లో 58, 63, 68 అని మూడే స్థానాలు, దగ్గరదానికి జరపండి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పుతుంటే అంకె తెర మీద కనిపిస్తుంది. ఇది తప్పితే కళ్లు లాగడం, తలనొప్పి వస్తాయి. అది గాయం వల్లనా, సర్దుబాటు తప్పడం వల్లనా అని తేల్చుకోలేక వారాలు వృథా అవుతాయి. బరువంతా చెంపల మీద పడకుండా నడినెత్తి పట్టీ మోసేలా బిగించండి. తర్వాత తెర మీది సన్నని అక్షరాలు చదవమనండి. మసకగా ఉన్నాయంటే హెడ్‌సెట్‌ను కొద్దిగా పైకీ కిందికీ జరిపి చూడండి. ప్రకాశం సగానికి తగ్గించండి, శబ్దం అతి తక్కువ నుంచి మొదలుపెట్టండి. పేలుళ్ల దగ్గర పనిచేసినవారికి చెవిలో హోరు మామూలే.

4. నేల మట్టం చూడండి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. కంట్రోలర్‌ను (ఆడేటప్పుడు చేత్తో పట్టుకునే పరికరాన్ని) నేల మీద పెట్టి హెడ్‌సెట్‌లోంచి చూస్తే, లోపల కూడా అది నేలకు ఆని కనిపించాలి. గాల్లో తేలుతున్నా, నేలలో దిగబడినా మట్టం మళ్లీ సరిచేయండి. బెత్తెడు తేడా ఉన్నా కూర్చున్న మనిషికి ఎత్తు మీంచి వేలాడుతున్నట్టు అనిపిస్తుంది.

5. యాప్ ఎంచుకోండి. ఒకటే సూత్రం: వస్తువులు ఆయన దగ్గరకు రావాలి, ఆయన వాటి దగ్గరకు పోకూడదు. ఒళ్లు కదలకుండా దృశ్యం ముందుకు సాగితే, కదిలామని కళ్లు చెబుతాయి, లేదని లోపలి చెవి చెబుతుంది. గాయమైన మెదడుకు ఆ తగువు తీర్చే శక్తి తక్కువ. అందుకని నడిచేవి, ఎగిరేవి, బండి నడిపేవి మొదట్లో వద్దు. కూర్చుని బంతి పట్టుకోవడం, రంగుల దిమ్మెలు వరుసలో పెట్టడం, వచ్చే బుడగలు తాకడం లాంటివి చాలు. చోటు మారక తప్పని యాప్ అయితే సెట్టింగ్స్‌లో ఒక చోటునుంచి ఇంకో చోటుకు ఒక్కసారిగా దూకే పద్ధతినీ, కొద్దికొద్దిగా కోణాల్లో మలుపు తిరిగే పద్ధతినీ పెట్టండి. తుపాకులు, పేలుళ్లు, హెలికాప్టర్ చప్పుడు, ఉన్నట్టుండి మీదికొచ్చేవి ఏవీ ఉండకూడదు. యాప్‌ను ముందు మీరు పెట్టుకుని చివరిదాకా ఆడి చూడండి. మొదటి దశలో బాణసంచా ఉండదు, మూడో దశ గెలవగానే పేలుతుంది.

6. మొదటి రోజు. కూర్చోబెట్టి 3 నిమిషాలు. గేమ్ లేదు, కదలని దృశ్యంలో మెల్లగా తల తిప్పుతూ నాలుగు దిక్కులా చూడటమే. తీసేసి 2 నిమిషాలు ఆగి అంకెలు అడగండి. ఏదీ 1 కంటే ఎక్కువ పెరగకపోతే ఇంకో 3 నిమిషాలు. ఆ రోజుకు అంతే. ఇంకాసేపు ఉంటానంటారు, బతిమాలుతారు కూడా. ఒప్పుకోకండి. మొదటి రోజు హుషారుకు ఫలితం మర్నాడు మంచం మీద కనిపిస్తుంది.

7. ఎక్కడ ఆపాలి? ఏ అంకె అయినా మొదలుకంటే 2 పెరిగితే అక్కడితో ఆపాలి. మధ్యలో ప్రతి నిమిషానికి ఒకసారి అంకె అడగండి. అడగకముందే తెలిసే గుర్తులూ ఉన్నాయి: మొహం పాలిపోవడం, చెమట, ఆవులింతలు, మాట తగ్గిపోవడం, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకోవడం. ఆపేటప్పుడు చటుక్కున లాగేయకండి. పేరు పెట్టి పిలిచి, "కళ్లు మూసుకోండి, తీస్తున్నాను" అని చెప్పి, ముందువైపునుంచి తీయండి. చెప్పకుండా వెనకనుంచి భుజం మీద చెయ్యి వేయడం ఎప్పుడూ కూడదు. పాదాలు నేలకు ఆనించి, కదలని వస్తువు ఒకదాన్ని చూస్తూ కూర్చోమనండి.

   హెచ్చరిక: ఫిట్స్, మునుపెన్నడూ లేనంత తలనొప్పి, ఆగని వాంతులు, మాట ముద్దగా రావడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, అయోమయం: వీటిలో ఏది వచ్చినా అది వీఆర్ వికారం కాదు. అంబులెన్స్ పిలవండి.

8. ఆపాక చేయాల్సింది అసలు పని. 15 నిమిషాలు కూర్చోబెట్టి అంకెలు రాయండి. గంట తర్వాత, పడుకునే ముందు, మర్నాడు లేవగానే మళ్లీ రాయండి. 15 నిమిషాల్లో మొదటి అంకెలకు వచ్చేస్తే మోతాదు సరిపోయింది. గంట పట్టిందంటే తర్వాతిసారి సమయం సగం చేయండి. మర్నాటి దాకా ఉందంటే రెండు రోజులు ఆపి, మొదటి రోజు మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అంకెలు మొదటికి వచ్చేదాకా బండి నడపడం, ఒంటరిగా మెట్లు ఎక్కడం దిగడం వద్దు.

9. పెంచడం. వరుసగా రెండు సార్లు ఇబ్బంది లేకుండా గడిచాకే పెంచాలి, అదీ ఒక్కదాన్నే. ముందు సమయం: 3 నిమిషాలు రెండు సార్లు, తర్వాత 5 చొప్పున, ఆపైన 10 చొప్పున. రోజుకు మొత్తం 20 నిమిషాలు దాటనక్కర్లేదు, వారానికి నాలుగు రోజులు చాలు. ఆ తర్వాత తల కదలిక: వస్తువులు ఎదురుగా కాక పక్కలనుంచి, పైనుంచి వచ్చేలా. ఆపైన వెనక దృశ్యం: ఖాళీ గదినుంచి చెట్లు, షెల్ఫులు, మనుషులున్న చోటుకు. చివర్లో, ఆడుతూ వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం లాంటి రెండో పని. కొత్తదేది కలిపినా ఆ రోజు సమయం సగానికి తగ్గించండి.

10. నిలబడి చేయడం. థెరపిస్టు చూసి సరేనన్నాకే. గది మూలలో, రెండు గోడలు వెనక ఉండేలా, నడుముకు పట్టుకోవడానికి బెల్టు కట్టి, మీరు చెయ్యి దూరంలో నిలబడాలి. కుర్చీ పక్కనే ఉండాలి. ఆడుతున్నప్పుడే కాదు, హెడ్‌సెట్ తీసిన మొదటి నిమిషంలోనూ పడిపోయే ప్రమాదం ఉంది. కూర్చోబెట్టాకే తీయండి.

ఇలా కుదరకపోతే

హెడ్‌సెట్ ఎంత సర్దినా వికారం తగ్గనివారికి టీవీ ముందు, ఒంటి కదలికను గుర్తించే కెమెరాతో ఆడే ఆటలు పెట్టండి. చుట్టూ గది కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తట్టుకోగలరు, తూలడం తగ్గించే సాధన దానితోనూ జరుగుతుంది. వేళ్ల పట్టు లేకపోతే కంట్రోలర్‌ను చేతికి వెల్క్రో పట్టీతో కట్టండి, లేదా చేతినే గుర్తించే పద్ధతి ఆన్ చేయండి. ఎడమవైపు చూపో ధ్యాసో లేనివారికి వస్తువులు మొదట కుడివైపు రావాలి, వారాల మీద మధ్యకు, ఆపైన ఎడమకు జరపాలి. మొదటి రోజే ఎడమనుంచి వేస్తే ఏమీ కనిపించక విసుగెత్తి మానేస్తారు.

తరచుగా జరిగే తప్పులు

వికారం రాకుండా ముందే మాత్ర వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. కళ్లు తిరగడాన్ని అణిచే మందులు మత్తు తెస్తాయి, అంకెలు అబద్ధమవుతాయి, మెదడు కొత్త సర్దుబాటు నేర్చుకోవడం కూడా నెమ్మదిస్తుంది. డాక్టర్ రోజూ వాడమన్నవి మాత్రం మీ అంతట మీరు ఆపకండి, వేళలు అడిగి తెలుసుకోండి.

సమయమూ, గేమూ ఒకేరోజు మార్చేసి, తలనొప్పి వచ్చాక కారణం వెతుక్కోవడం రెండోది. సాయంత్రం అలసిపోయాక చేయించడం ఇంకొకటి. ఉదయం టిఫిన్ అయిన గంటకు చాలామందికి బాగుంటుంది. ఇక చార్జింగ్ అయిపోయి మధ్యలో తెర నల్లబడటం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఉలికిపాటు ఎక్కువున్న మనిషికి ఆ ఒక్కటి చాలు, మళ్లీ పెట్టుకోనంటారు.

పనిచేస్తోందో లేదో చూడటం

గేమ్‌లో స్కోరు పెరిగితే ఆ గేమ్ వచ్చిందని మాత్రమే అర్థం. కొలతలు హెడ్‌సెట్ లేకుండా, రెండు వారాలకోసారి, ఒకే వేళకు, ఒకే చెప్పులతో తీయండి.

- కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు.
- గోడ పక్కన, మీరు చెయ్యి అందేంత దగ్గర ఉండగా, కళ్లు తెరిచి ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు. 30 దాటితే ఆపేయండి.
- చెయ్యి చాచి పట్టుకున్న బొటనవేలి గోరును చూస్తూ తలను కుడి ఎడమలకు పదిసార్లు తిప్పాక, కళ్లు తిరగడం అంకె ఎంత.
- ఆయనకు నిజంగా కష్టమైన పని ఒకటి: రద్దీగా ఉండే షాపులో బయటికి రావాలనిపించేదాకా ఎన్ని నిమిషాలు ఉండగలిగారు.

కళ్లు తిరగడమే ముఖ్యమైన ఇబ్బంది అయితే థెరపిస్టు దగ్గర డిజ్జీనెస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అనే 25 ప్రశ్నల పట్టిక ఉంటుంది. మొత్తం 100 పాయింట్లు, ఎక్కువ పాయింట్లంటే ఎక్కువ ఇబ్బంది. 18 పాయింట్లయినా తగ్గితేనే నిజమైన మార్పుగా లెక్క. నాలుగైదు తగ్గాయని సంబరపడి మోతాదు పెంచేయకండి.

ఆరు వారాలు గడిచినా ఈ కొలతల్లో ఏదీ కదలకపోతే కొత్త గేమ్ కొనకండి. హెడ్‌సెట్ పక్కన పెట్టి, అంకెలు రాసిన నోట్‌బుక్ తీసుకుని థెరపిస్టు దగ్గరకు వెళ్లండి. ఏ రోజు ఏం మార్చారో, ఎంతసేపటికి తగ్గిందో అందులో ఉంటుంది కాబట్టి, తేడా చెవిలో ఉందా, చూపులోనా, మెడలోనా, నిద్రలోనా అని వెతకడానికి వారికి అదే ఆధారం.